కర్ణధారుని స్థానము

2023వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన చైనాదేశమందలి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మనదేశపు ఎనిమిది తెడ్ల పందెపుపడవ 2000 మీటర్ల దూరమును 5 నిమిషముల 43.01 సెకన్లలో దాటి రజతపతకమును గడించెను. స్వర్ణమును గొన్న చైనాపడవకును దీనికిని గల యంతరము మూడు సెకన్లైనను లేదు. ఆనాడు మెడలో పతకము దాల్చినవారు ఎనమండ్రు గారు, తొమ్మండ్రు. తొమ్మిదవవాడు ధనంజయ ఉత్తమ్ పాండే. అతడు తెడ్డు ముట్టలేదు. అతడు కర్ణధారుడు, ఆంగ్లేయులు కాక్స్‌వెయిన్ అందురు, మన గోదావరి లాంచీలవారు సరంగు అందురు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల వారికి ఈ పందెములతో నేమి పని యని కొందఱడుగవచ్చును. పనియున్నదనియే మా యభిప్రాయము.

తెడ్లవారందఱును పడవ పోవు దిక్కునకు వీపుపెట్టి కూర్చుందురు. ముందుచూపు ఒక్క కర్ణధారునిదే. పడవ దాదాపు 18 మీటర్ల పొడవు. చుక్కాని మాత్రము మిక్కిలి చిన్నది. దానిని త్రిప్పిన ప్రతిసారియు నీరడ్డి వేగము తగ్గును. కావున వీలైనంత త్రిప్పకుండ తిన్నగా నడపుటయే అతని నేర్పు. ప్రక్కపడవ యెంత దూరమున నున్నదో, తెడ్డువేటు నెప్పుడు హెచ్చింపవలెనో, మిగిలిన బలమునెల్ల నెప్పుడు ధారపోయవలెనో అతని గొంతు చెప్పవలెను. ఊపిరాడక యున్న ఎనమండ్రును ఆ మాటను నమ్మవలెను. ఆ నమ్మకము పందెమునాడు పుట్టునది కాదు.

ఇట్టివానిని వట్టి మోతబరువుగా నెంచినవారును గలరు. 1900వ సంవత్సరపు పారిసు ఒలింపిక్ క్రీడలలో డచ్చివారు తమ కర్ణధారుడు బరువని తలచి యొక బాలుని పడవనెక్కించుకొని గెలిచిరి. ఛాయాపటమున బాలుడున్నాడు, పేరు నేటికిని నిర్వివాదముగ తేలలేదు!

అంతర్జాతీయ నియమము ప్రకారము కర్ణధారుని కనీసపు బరువు 55 కిలోలు. తక్కువైనచో ఇసుకసంచితో పూరింపవచ్చును. కావున అంతకంటె తగ్గుటకై బిడ్డలను పస్తులుంచుట నిష్ప్రయోజనము. పురుషుల పడవను స్త్రీయు నడపవచ్చును. అవకాశములు మాత్రము స్వల్పమే యని దాచక చెప్పవలెను: ఒలింపిక్సులో 1992 తరువాత ఎనిమిది తెడ్ల పడవకు తప్ప కర్ణధారుడు లేడు.

అయినను మన క్రీడల యెంపికలలో ఎత్తు కొలిచి, పొట్టివారని ఇంటికి పంపబడు బాలబాలికలెందఱో! ఈ క్రీడ ఎనమండ్రనుండి పొడవైన కాళ్లు చేతులు కోరును. తొమ్మిదవవానినుండి కన్నును, గొంతును, నిబ్బరమును కోరును. బయ్యారము చెరువున, గణపురము చెరువున పుట్టియో తెప్పయో నడపు బెస్తల బిడ్డకు గాలివాటు, నీటిపోకడ వేఱుగ నేర్పవలెనా? జనగామ మెట్టనేల యందురు గాని, స్టేషను ఘనపురము జలాశయమునకు దేవాదుల యెత్తిపోతల ద్వారమున గోదావరి నీరు వచ్చుచున్నది.

హుస్సేను సాగరమున 2005లో ఆసియా పడవపందెములు జరిగినవి. అచ్చటి శిక్షకులను ఏటికొక మాసమైనను ఈ చెరువులకు పంపుట ప్రభుత్వమునకు పెద్ద వ్యయము గాదు. మొదట ఈత, తేలుచొక్కాయి; పిమ్మట తెడ్డు. ఏటేట చెరువులలో బిడ్డలు మునిగిపోవుచున్న జిల్లాలలో ఆ మొదటి పాఠమొక్కటియే యైనను శిక్షకుని రాకకు చాలిన కారణమని మేము తలంచుచున్నాము.