పిండం వయసును ఎవరు దిద్దుతున్నారు?

మామూలు గర్భానికి ఆఖరి ముట్టు తేదీతో లెక్క కడతారు. ఆ తేదీ సరిగా తెలియకపోతే స్కానింగులో పిండాన్ని తల నుంచి పిరుదుల దాకా కొలిచి వయసు చెబుతారు. 1973లో గ్లాస్గోలో హ్యూ రాబిన్‌సన్ చూపిన పద్ధతి ఇది. ఐవీఎఫ్‌లో ఈ ఊహ అక్కర్లేదు. ఫలదీకరణ జరిగిన రోజు ల్యాబ్ రికార్డులోనే ఉంటుంది. ఐదు రోజుల పిండాన్ని గర్భాశయంలో పెట్టిన రోజుకి గర్భం వయసు 2 వారాల 5 రోజులు. ఆపై వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

మరి స్కానింగ్ ఎందుకు? ఎదుగుదల చూడటానికి. ట్రాన్స్‌ఫర్ అయిన ఐదు వారాలకు, అంటే 7 వారాల 5 రోజులకు, పిండం సుమారు 14 మిల్లీమీటర్లుండాలి. 8 మాత్రమే ఉంటే దాదాపు వారం వెనకబడినట్టే. గర్భం నిలవకపోవచ్చనడానికి అది హెచ్చరిక కావచ్చు. కానీ యంత్రం ఆ కొలతను బట్టి 6 వారాల 5 రోజులని చూపిస్తుంది. రిపోర్టులో అదొక్కటే రాస్తే ఎదుగుదలలో లోపం మాయమై, తేదీ వెనక్కి జరుగుతుంది!

మా సంఘానికి వచ్చే స్త్రీల చేతుల్లో నేను చూస్తున్నవి ఇలాంటి కాగితాలే. లక్షలు కట్టించుకున్న సెంటర్లు ట్రాన్స్‌ఫర్ తేదీ కూడా రాసివ్వవు. అడిగితే చట్టం ఒప్పుకోదంటారు. ఏ చట్టం? 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం చెప్పొద్దన్నది ఆడా మగా అన్న సంగతి. మిల్లీమీటర్లు చెప్పొద్దని అనలేదు. పైగా చికిత్సలోని మంచిచెడులు, ప్రమాదాలు, ఖర్చు వివరించి తీరాలని 2021 నాటి సహాయక పునరుత్పత్తి చట్టం సెంటర్లను ఆదేశిస్తోంది.

అంకెలు చెబితే ఆడవాళ్లు కంగారుపడతారట! రోజుల తరబడి ఇంజెక్షన్లు ఓర్చుకున్న మనిషి ఒక అంకెను ఓర్చుకోలేదా? రెండు మూడు రోజుల తేడాకు బెంగ అక్కర్లేదని చెప్పడమూ వైద్యుల పనే. మరోవైపు, తొందరపాటూ తప్పే. 7 మిల్లీమీటర్ల లోపు పిండంలో గుండె కదలిక కనిపించకపోతే, కనీసం 7 రోజులాగి మళ్లీ చూడాలని బ్రిటన్‌లోని నైస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒక్క స్కానింగుతో తీసేయించుకోమంటే రెండోసారి చూడమని నిలదీయాలి.

మనం అడగాల్సినవి మూడు. ట్రాన్స్‌ఫర్ తేదీ, ఆనాటికి పిండం వయసు కార్డు మీద రాయాలి. ప్రతి స్కానింగులో కొలతను, ఆ రోజుకి ఉండాల్సిన కొలతను పక్కపక్కన తెలుగులో ఇవ్వాలి. తేడా ఉంటే దాని అర్థం నోటితో చెప్పాలి. ఇది దయ కాదు, మన శరీరం గురించిన సమాచారం. అది మన చేతికి రావాల్సిందే.