పిజ్జా స్కూటరు ఆట – మన పిల్లలు, మనం

వీడియో గేము అనగానే మన తల్లిదండ్రుల నొసలు ముడిపడతాయి. చదువు పాడవుతుందనీ, కళ్ళు పోతాయనీ, వచ్చిన నాలుగు తెలుగు మాటలూ మరిచిపోతారనీ బడి గుమ్మం దగ్గర ప్రతి టర్ములోనూ వింటూనే ఉంటాం. ఈ మాటల్లో నిజం లేదని మేము అనడం లేదు. అయినా ఈ ఏటి సంచికలో ఒక పాత ఆటను వెనకేసుకు రావాలని అనిపించింది. పిల్లలూ, ఇది మీరు కూడా చదవండి. తెలియని మాట వస్తే అమ్మనో, నాన్ననో, ఇండియా నుంచి వచ్చిన తాతయ్యనో అడగండి.

ఆట పేరు 'రాడికల్ బైకర్స్'. స్పెయిన్ దేశంలోని బార్సిలోనాకు చెందిన గేల్కో అనే కంపెనీ 1998లో దీన్ని ఆర్కేడ్ల కోసం తయారుచేసింది. మరుసటి సంవత్సరం ప్లేస్టేషనుకు కూడా వచ్చింది. ఆర్కేడులో స్కూటరు ఆకారంలో ఉన్న సీటు మీద ఎక్కి కూర్చుని, నిజం హేండిలు లాంటిదే పట్టుకుని ఆడాలి. కథంటూ పెద్దగా ఏమీ లేదు. ఇటలీ వీధుల్లో స్కూటరు మీద పిజ్జా పట్టుకెళ్ళాలి. పక్కనే ఇంకో స్కూటరువాడు, వాడి కంటే ముందు చేరాలి. కార్లను తప్పించుకుంటూ, సందుల్లోంచి అడ్డదారులు వెతుక్కుంటూ, గడియారం అయిపోయేలోగా వెళ్ళాలి. అంతే! తుపాకులు లేవు, రక్తం లేదు. పాత ఆటల మీద మళ్ళీ మోజు పెరిగిన ఈ రోజుల్లో మన పిల్లల్లో కొందరు ఇలాంటివి వెతుక్కుని మరీ ఆడుతున్నారు.

న్యూజీలాండుకు ఇలాంటి ఆటలు కొత్త కాదు. 1980లలో ఇక్కడి ఫిష్ అండ్ చిప్స్ కొట్లలో, వీధి చివరి డైరీల్లో ఒక మూల ఆట మిషను ఉండేది. 1978లో జపానులో పుట్టిన 'స్పేస్ ఇన్వేడర్స్' పేరు మీదుగా ఏ మిషనునైనా సరే పిల్లలు 'స్పేసీస్' అనేవారు. ఇరవై సెంట్ల బిళ్ళ చేతిలో పట్టుకుని వరసలో నిలబడ్డ ఆ పిల్లలు ఇవాళ మన ఆఫీసుల్లో మేనేజర్లు. వాళ్ళ చదువులేమీ చెడిపోయినట్టు లేదు!

స్కూటరు మాత్రం మన పెద్దలకు ఆటవస్తువు కాదు. 1972లో మొదలైన బజాజ్ చేతక్ కోసం బుక్ చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇళ్ళు మనవి. ముందు ఒక పిల్లాడు నిలబడి, వెనక అమ్మ పక్కకి తిరిగి కూర్చుని, ఒళ్ళో చంటిది, కాళ్ళ దగ్గర కూరగాయల సంచి. స్టార్టు కాకపోతే ఒక పక్కకి వంచి మళ్ళీ కిక్కు కొట్టడం. ఈ తతంగమంతా చెబితే మన పిల్లలు హెల్మెట్టు ఏదని అడుగుతారు. అడగాల్సిందే మరి.

ఇంతకీ ఈ ఆట మీద మాకు అభ్యంతరమే లేదా? ఒకటుంది. అది టైము వేస్టు గురించి కాదు. ఈ ఆటలో స్కూటరు ఎక్కినవాడికి గడియారం వినోదం. గుద్దుకుంటే క్షణంలో లేచి మళ్ళీ బయలుదేరతాడు. రోడ్డు మీద ఉన్నవాళ్ళంతా అడ్డాలు, అంతే. అమెరికాలో అటారీ కంపెనీ 1985లో తెచ్చిన 'పేపర్ బాయ్' ఈ విషయంలో కాస్త నయం. అందులో సైకిలు మీద పేపర్లు వేసే కుర్రాడు చందాదారుడి ఇంట్లో వెయ్యడం మరిచిపోతే ఆ చందా పోతుంది. వారమంతా తిరగాలి, కుక్కలు తరుముతాయి. చందా కట్టనివాళ్ళ కిటికీలు పగలగొడితే పాయింట్లు ఇస్తారనుకోండి, అది వేరే సంగతి! అయినా పని అంటే రోజూ చెయ్యాల్సినదనే ధ్యాస ఆ ఆటలో ఉంది.

నిజం రోడ్డు మీద గడియారం ఏం చేస్తుందో ప్రపంచం చూసింది. అమెరికాలో డొమినోస్ వాళ్ళు 30 నిమిషాల్లో పిజ్జా అని హామీ ఇచ్చేవారు. సెయింట్ లూయీలో వాళ్ళ డ్రైవరు ఒకరు ఎర్ర లైటు దాటి ఒక మహిళ కారును గుద్దిన కేసులో, 1993లో జ్యూరీ సుమారు 7.9 కోట్ల డాలర్లు చెల్లించమని చెప్పింది. ఆ డిసెంబరులోనే కంపెనీ అక్కడ హామీని ఎత్తేసింది. ఆ సంగతి అందరూ మరిచారు కాబోలు, 2022 మార్చిలో మన దేశంలో జొమాటో పది నిమిషాల్లో భోజనం అని ప్రకటించింది, పెద్ద గొడవే అయింది. సరుకులు తెచ్చే బ్లింకిట్ చాలాకాలం '10 నిమిషాలు' అని చాటుకుని, కేంద్ర కార్మిక శాఖ కలుగజేసుకున్నాక 2026 జనవరిలో ఆ మాట తీసేసింది. హైదరాబాదు ట్రాఫిక్కు తెలిసినవాళ్ళకు ఆ పది నిమిషాల అర్థం వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఎక్కువమంది కార్లలోనే తెస్తారు. 50 సి.సి. లోపు, గంటకు 50 కిలోమీటర్లు మించని స్కూటరయితే కారు లైసెన్సుతోనే నడపవచ్చు గనుక కొందరు దాన్నీ వాడతారు. 2017లో ఉబర్ ఈట్స్ ఆక్లండుకు వచ్చాక మన గుమ్మం ముందుకొచ్చే ముఖాలు మారాయి. వాటిలో మనవాళ్ళూ ఉన్నారు. గుంటూరు నుంచో, వరంగల్లు నుంచో వచ్చి, ఇక్కడ చదువు ముగించి, సరైన ఉద్యోగం దొరికేదాకా రాత్రిళ్ళు తిరిగేవాళ్ళు. విద్యార్థి వీసాలో ఉన్నవాళ్ళు సొంత కాంట్రాక్టు మీద పనిచేయకూడదు కాబట్టి పిజ్జా షాపులోనే జీతానికి చేరతారు. చదువు రోజుల్లో వారానికి 20 గంటల పరిమితి 2025 నవంబరులో 25 అయింది. ఆ గంటల్లోంచే అద్దె, బస్సు, ఇంటికి ఫోనులో 'బాగానే ఉన్నానమ్మా' అనడం.

మాకు బాధ కలిగించేది ఇక్కడే. మన సంక్రాంతి, ఉగాది కార్యక్రమాల్లో "బాబు ఏం చేస్తున్నాడు?" అని అడిగి, "ప్రస్తుతానికి డెలివరీ అండీ" అని జవాబు వస్తే మాట మార్చేస్తాం. అదే కుర్రాడు శుక్రవారం రాత్రి వానలో బిర్యానీ సంచి పట్టుకుని వస్తే తలుపు సగమే తీస్తాం. ఇదంతా పిల్లలు చూస్తారు. తెరమీద పిజ్జా మోసేవాడు హీరో, గుమ్మంలో నిలబడ్డవాడు ఎవరో తెలియదు! ఈ తేడా పిల్లలకు నేర్పింది ఆట కాదు.

ఆటకు ఇన్ని నీతులు అంటగట్టడం ఎందుకండీ, ఆడుకోనివ్వండి అనే తల్లిదండ్రులూ ఉన్నారు. మేమూ ఆడుకోనివ్వమనే అంటున్నాం. పక్కన కూర్చుని మీరూ ఆడండి, ఓడిపోండి. ఆడుతూ తెలుగులో మాట్లాడండి. పద్యం గుక్క తిప్పుకోకుండా చెప్పే మన పిల్లలు 'కుడివైపు మలుపు తిరుగు' అంటే తికమకపడతారు. సందు, మలుపు, అడ్డదారి, ఎదురుగా, పక్కకి తప్పుకో, మెల్లగా – ఈ మాటలు పలక మీద కంటే స్కూటరు మీద తొందరగా వస్తాయి. మన ఊళ్ళలో చిరునామా చెప్పడమే ఒక విద్య కదా! "ఆంజనేయస్వామి గుడి దాటాక ఎడమ చేతి సందు, నీలం గేటు, కింద కిరాణా కొట్టు" అని ఫోనులో చెప్పి తీసుకురావాలి. గుంటూరు బ్రాడీపేటవాళ్ళది మళ్ళీ వేరే లెక్క. లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెప్పేస్తే చాలు. వచ్చే టర్ములో పెద్ద తరగతి పిల్లలు బస్సు స్టాపు నుంచి తమ ఇంటికి దారి తెలుగులో వ్రాసుకు రావాలని మా కోరిక. ఆ కాగితం పట్టుకుని మేము రాగలిగితే పూర్తి మార్కులు.

ఆ పని చేస్తున్నప్పుడే ఇంకొకటి చూడండి. ఆక్లండులో మనలో చాలామంది వెనక ఇళ్ళలో ఉంటాం. పొడుగాటి డ్రైవ్‌వే, నంబరు పక్కన ఎ, బి అక్షరాలు, ఉత్తరాల డబ్బా మీదకు పెరిగిన చెట్టు. చీకట్లో కొత్తవాడికి అవేవీ కనబడవు. ఆ కొమ్మ కొట్టించండి. ఆర్డరు పెట్టిన రోజు గుమ్మం లైటు పిల్లల చేత వేయించండి, తలుపు వాళ్ళనే తీయమనండి. వచ్చినవాడు తెలుగువాడని మాట యాసలో తెలిస్తే "అన్నయ్యా, మంచినీళ్ళు కావాలా?" అని అడగడం వాళ్ళకి వచ్చిన తెలుగులోనే అయిపోతుంది.