లైబ్రేరియన్‌గారి ముప్ఫై గంటలు

డాక్టరుగారు కూడా చదువుకుంటూనే ఉండాలని మీకు తెలుసా? ఎంబీబీఎస్ పట్టాకు ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తే పని అయిపోదు. ఐదేళ్లలో 30 గంటలపాటు కొత్త పాఠాలు విన్నట్టు మెడికల్ కౌన్సిల్‌కు చూపించాలి. 2002 నాటి నిబంధనల్లో రాసిన మాట అది. నర్సులకైతే ఐదేళ్లకు 150 గంటలు. మందుల షాపులో ఫార్మసిస్టు కూడా మధ్యమధ్య రిఫ్రెషర్ కోర్సుకు వెళ్లి రావాల్సిందే. మరి వీళ్లందరికీ పుస్తకాలూ జర్నల్సూ వెదికిపెట్టే మెడికల్ లైబ్రేరియన్ సంగతి? ఆయనకు ఏ గంటలూ లేవు. ఉద్యోగంలో చేరిన రోజు తెలిసినదానితోనే రిటైరయ్యేదాకా నెట్టుకొచ్చినా ‘ఇదేమిటయ్యా’ అని అడిగే కౌన్సిల్ లేదు.

‘బీరువా తాళం తీసి పుస్తకం ఇవ్వడానికి ట్రైనింగు కూడానా?’ అంటారేమో. అయితే ఓ పాము కథ వినండి.

కృష్ణా డెల్టా వాళ్లకు పాముల గురించి వేరే చెప్పాలా! 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎక్కువై జనం హడలిపోతే, మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా జరిగింది. సరే, విజయవాడలో పీజీ చేస్తున్న ఓ డాక్టరమ్మాయి రక్తపింజర కాటు మీద థీసిస్ రాయాలనుకుంది అనుకోండి. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పాము శాస్త్రీయ నామం కొడుతుంది. డబోయియా రస్సెలీ. తెర నిండా వ్యాసాలు. అమ్మాయికి సంతోషం.

కానీ ఆ పాముకు ఆ ఒక్క పేరే కాదు. పాత వ్యాసాల్లో దాన్నే వైపెరా రస్సెలీ అని రాశారు. స్పెల్లింగులోనూ ఒకరు ఒక ‘ఎల్’, ఇంకొకరు రెండు ‘ఎల్’లు. ఇంకా వెనక్కి వెళ్తే 1797లో పెట్టిన పేరు కొల్యూబర్ రస్సెలీ. ఇంతకీ ఈ రస్సెల్ ఎవరు? 1780లలో విశాఖపట్నం వచ్చిన ఈస్టిండియా కంపెనీ డాక్టరు పాట్రిక్ రస్సెల్. కోరమాండల్ తీరంలో పాములు పట్టించి, బొమ్మలు గీయించి 1796లో పుస్తకం వేశాడు. అందులో ఈ పామును ఏ పేరుతో వేశాడో తెలుసా? అచ్చతెలుగు పేరుతో. కాటుక రేకుల పొడ! ఎంత చక్కటి పేరండీ. దాని ఒంటిమీది మచ్చలు చూసినవాళ్లెవరో పెట్టి ఉంటారు.

ఒక్క పాముకు నాలుగు పేర్లు. ఏ ఒక్కటి మర్చిపోయినా ఆ పేరుతో ఉన్న వ్యాసాలు తెర మీదకు రాకపోవచ్చు. అవి రాలేదన్న సంగతి కూడా వెదికేవాళ్లకు తెలియదు. అసలు చిక్కు అక్కడే.

ఈ తలనొప్పి తగ్గించడానికే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వాళ్లు ఒక పదకోశం పెట్టుకున్నారు. 1960 నుంచీ అదే పద్ధతి. దాన్ని మెష్ అంటారు. వీధిలో బుజ్జి, ఇంట్లో చిన్నోడు, అమ్మమ్మగారింట్లో నాని అయిన పిల్లాడికి బడి రిజిస్టరులో ఒకే పేరు ఉన్నట్టు, ఎవరు ఏ మాటతో రాసినా ఆ విషయానికి ఒకే శీర్షిక. 1997 నుంచి పబ్‌మెడ్ పేరుతో ఆ ఖజానాను ప్రపంచమంతటికీ ఉచితంగా తెరిచారు. తలుపైతే తెరిచారుగానీ, లోపల ఏ గది ఎక్కడుందో చెప్పే మనిషి కావాలి కదా.

ఆ మనిషి లేకపోతే ఏమవుతుంది? 2001లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆస్తమా మీద ఓ పరిశోధన. ఏ జబ్బూ లేని 24 ఏళ్ల యువతి స్వచ్ఛందంగా అందులో చేరింది. హెక్సామెథోనియం అనే రసాయనాన్ని పీల్పించారు. ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయింది. పరిశోధకుడు ముందుగా పబ్‌మెడ్‌లో వెదికాడు. అందులో అప్పటికి 1966 నుంచి వచ్చిన వ్యాసాలే ఉన్నాయి. ఆ మందుతో ఊపిరితిత్తులకు ప్రమాదమని సూచించే వ్యాసాలు 1950లలో అచ్చయ్యాయి. అవి అట్టలు వేసిన పాత సంపుటాల్లో, బీరువాల్లో ఉన్నాయి. ఆ సంగతి తెలిసిన లైబ్రేరియన్‌ను ముందే ఒక మాట అడిగి ఉంటే బాగుండేదని ఆ తర్వాత వైద్యలోకమంతా అనుకుంది. ఇప్పుడు చాలా రకాల సమీక్షా పరిశోధనలకు లైబ్రేరియన్‌ను బృందంలో చేర్చుకోమని కొక్రేన్ లాంటి సంస్థలు గట్టిగా చెబుతున్నాయి.

మరి మనవాళ్లు ఈ విద్య ఎక్కడ నేర్చుకోవాలి? బీఎల్ఐఎస్సీ చదివినవాళ్లు రేపు ఊరి శాఖా గ్రంథాలయంలో కూర్చోవచ్చు, ఇంజనీరింగ్ కాలేజీలో కూర్చోవచ్చు, మెడికల్ కాలేజీలోనూ కూర్చోవచ్చు. చదువు ఒకటే. వైద్యం మాటలు, మెష్ శీర్షికలు, క్లినికల్ ట్రయల్స్... ఇవన్నీ కుర్చీలో కూర్చున్నాక తంటాలు పడి నేర్చుకోవలసినవే. దేశంలోని వైద్య గ్రంథాలయాల వాళ్లు 1980లో సంఘం పెట్టుకున్నారు. ఏటేటా ఒక్కో ఊళ్లో సభలు, వర్క్‌షాపులు జరుగుతుంటాయి. అమెరికాలో అలాంటి సంఘం 1898లోనే పుట్టింది. అక్కడ లైబ్రేరియన్లకు ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకునే గుర్తింపు కూడా ఉంది, అచ్చం మన డాక్టర్ల గంటల్లాగే. వాళ్ల కోర్సుల ఫీజులు డాలర్లలో ఉంటాయి కాబట్టి ఆ ఊసు వదిలేద్దాం. కానీ పబ్‌మెడ్ పాఠాలు ఉచితం. వాళ్లు ప్రత్యక్షంగా చెప్పే వేళకు మనకు అర్ధరాత్రి అవుతుంది, నిజమే. రికార్డు చేసినవి తీరిగ్గా చూసుకోవచ్చు. మన స్వయం పోర్టల్‌లోనూ గ్రంథాలయ శాస్త్రం పాఠాలకు డబ్బు కట్టక్కర్లేదు.

అసలు ఈ విషయంలో విజయవాడ ఒకరిని చూసి నేర్చుకోవలసిన ఊరు కాదు. 1914 ఏప్రిల్ 10న రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షులుగా సభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఇక్కడే. వెనకుండి నడిపించినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. (అన్నట్టు, ఆయనకు ప్రకృతి వైద్యం మీదా మక్కువే. పుస్తకమూ ఆరోగ్యమూ ఆయన దగ్గర వేరువేరు శాఖలు కావు.) గ్రంథాలయాలు పెడితే చాలదు, నడిపేవాళ్లకు నేర్పాలి అని 1920లోనే బెజవాడలో శిక్షణ తరగతులు పెట్టారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పంపించారు. ఇక 1986లో ఆరోగ్య విజ్ఞానాలకంటూ దేశంలోనే తొలి విశ్వవిద్యాలయం వచ్చిందీ ఈ ఊరికే. ఇప్పటి డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అదే. గ్రంథాలయోద్యమమూ ఆరోగ్య విశ్వవిద్యాలయమూ ఒకే ఊళ్లో ఉండటం ఇంకెక్కడైనా ఉందా అంటే, నాకైతే తోచడంలేదు.

ఇప్పుడు పని ఇంకా పెరిగింది. 2024 నవంబరులో కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 ఈ-జర్నల్స్, 6,300 ప్రభుత్వ సంస్థలు. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. చాలా మంచి మాట. అయితే తొలి విడతలో ప్రైవేటు కాలేజీలు లేవు. అంటే బెజవాడలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ విద్యార్థికి ఒక్క నొక్కుతో వచ్చే వ్యాసం, గన్నవరం వైపు ప్రైవేటు కాలేజీ విద్యార్థికి రాకపోవచ్చు. అక్కడి లైబ్రేరియన్‌కు ఉచితంగా దొరికే దారులన్నీ తెలిసి ఉండాలి. ఇక్కడి లైబ్రేరియన్‌కు 13,000 జర్నల్స్‌లో ఏది ఎందుకు పనికొస్తుందో తెలియాలి.

దొంగ జర్నల్స్ బెడద ఒకటి. డబ్బు కట్టించుకుని, సరిగ్గా పరిశీలించకుండా అచ్చేసేవి. ఇలాంటి ఆరోపణల మీదే హైదరాబాద్‌కు చెందిన ఓమిక్స్ సంస్థను 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని 2019లో అమెరికా కోర్టు ఆదేశించింది. ప్రమోషన్ కోసం తొందరపడే యువ డాక్టరుకు ‘బాబూ, ఆ పత్రికకు పంపకండి’ అని చెప్పగలిగేది లైబ్రేరియనే. ఇంకొకటి కొత్తగా వచ్చిపడింది. ఏఐని అడిగితే వ్యాసాల పేర్లు, రచయితల పేర్లు, సంవత్సరం, పేజీలతో సహా ముచ్చటగా రాసిచ్చేస్తుంది. వాటిలో కొన్ని అసలు పుట్టనే లేదు. లేని వ్యాసాన్ని ‘తెప్పించి పెట్టండి సార్’ అంటే, లేదని నిరూపించడానికి ఒక పూట పడుతుంది. లేదని చెప్పడం ఉందని చెప్పడం కంటే కష్టం కదా.

ఇన్ని నేర్చుకోవాలంటే రెండు రోజుల వర్క్‌షాపుకైనా వెళ్లాలి. వెళ్లాలంటే సెలవు ఇవ్వాలి. డాక్టర్లు సదస్సుకు వెళ్తే ఆన్‌డ్యూటీ. లైబ్రేరియన్ అడిగితే చాలా చోట్ల మొదట వచ్చే ప్రశ్న ‘మరి లైబ్రరీ ఎవరు తెరుస్తారు?’ నర్సింగ్ కాలేజీల్లో, ఫార్మసీ కాలేజీల్లో ఉండేది తరచుగా ఒక్కరే. ఆమె వెళ్తే తలుపులు మూయాల్సిందే. ప్రయాణ ఖర్చు సొంతం, సెలవు సొంతం, తిరిగొచ్చాక పేరుకుపోయిన పనీ సొంతం.

దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఆరోగ్య విశ్వవిద్యాలయంలో నెలకో శనివారం ఒక కంప్యూటర్ గది చాలు. ఏలూరు నుంచి, మచిలీపట్నం నుంచి, గుంటూరు నుంచి పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. పూటకు మూడు గంటల చొప్పున పది శనివారాలు వేసుకోండి, ముప్ఫై గంటలు. మొదటి శనివారం పాఠానికి పాముకాటే తీసుకోవచ్చు. ఈ డెల్టాలో ఆ పేరు ఎవరికీ వివరించక్కర్లేదు.