సుంకములేని రేవు – మెట్టయూళ్ల వాటా

ఓడలు నడచు మార్గమునకు చేరువనుండి సుంకములేని బజారును తెరచిన దేశము వర్ధిల్లునని చరిత్ర చెప్పుచున్నది. 1819వ సంవత్సరమున ఆంగ్లేయులు సింగపూరును స్థాపించి సుంకములేని రేవు గావించినప్పుడు అచ్చట పండిన పంట స్వల్పము. తూర్పు పడమరల ఓడలు ఆ జలసంధి మీదుగా పోవుటయు, దిగిన సరకుపై సుంకము లేకుండుటయు, ఈ రెండే దానికి మూలధనములైనవి. మనదేశమున 1965లో కాండ్లా రేవుచెంత ఇట్టి మండలము మొదట వెలసెను. విశాఖపట్టణమునకు ఆ భాగ్యము 1989లో దువ్వాడయొద్ద లభించెను. 2005వ సంవత్సరపు ప్రత్యేకార్థిక మండలముల చట్టము పిమ్మట అచ్యుతాపురము, రాంబిల్లి ప్రాంతములును ఆ వరుసలో చేరినవి.

ఇట్టి మండలమువలన వర్తకునకు కలుగు మేలు స్పష్టమే. విదేశపు ముడిసరకు సుంకము చెల్లింపకయే లోనికి వచ్చును. అచ్చట వస్తువై మరల ఓడనెక్కును. వర్తకుని సొమ్ము సుంకమునందు చిక్కుపడదు. ఆ వస్తువునే దేశములోని బజారున అమ్మదలచినచో మాత్రము పరదేశపు సరకునకువలె సుంకము కట్టవలెను. సుంకముల విషయమున ఆ ప్రాకారములోపలి నేల దేశపుటెల్లలకు వెలుపలిదిగా నెంచబడుచున్నది.

1933లో తెరువబడిన విశాఖ రేవును, 2009లో నెలకొన్న గంగవరపు రేవును మనకు గొప్ప సంపదలు. ఐనను ఖండాంతర నౌకల రాజమార్గము సింహళమునకు దక్షిణముగా పోవుచున్నది. మన తూర్పుతీరపు సరకు పెట్టెలు అనేకము కొలంబోలోనో సింగపూరులోనో ఓడ మారుచున్నవి. కావున మార్గసామీప్యమొక్కదానినే నమ్మి ఆ రేవులతో మనము పోటీపడజాలము. మన బలము రేవు వెనుకనున్న పల్లెలలో, వాని పంటలో, వాని జనుల చేతులలో నున్నది.

నాతవరమునే చూతము. తాండవ జలాశయపు నీటితో వరియు, చెరకును, మెట్టభూములలో జీడిమామిడియు పండు ప్రాంతమిది. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాయందే నాతవరమును గలదు, అచ్యుతాపురమును గలదు. అచ్చటి బట్టల కర్మాగారములలో వేలకొలది స్త్రీలు పనిచేయుచున్నారు. పల్లెకును మండలమునకును నేడు గల ప్రధానబంధము ఈ కూలియే. ఇంతకు మించిన బంధమునకు చట్టమే దారి తెరచియున్నది. ఆ సంగతి మన రైతులలో పెక్కుమంది చెవిని పడలేదని మా తలంపు.

దేశములోని సరకును మండలములోని కర్మాగారమునకు అమ్ముటయు ఆ చట్టప్రకారము ఎగుమతియే. మండలమున అనుమతింపబడిన పనికై పంపిన సరకునకు 2017 నాటి వస్తుసేవల పన్నును పడదు. అనగా నాతవరపు జీడిపప్పు ఓడనెక్కకయే ఎగుమతి సరకు కాగలదు. కాని పచ్చిగింజను కల్లమునందే దళారికి అప్పగించు రైతునకు ఈ సౌకర్యము వలన ఒరుగునదేమి? లాభము చేయిమారిన చోటనే ఆగిపోవును. పైగా అదే చట్టము ఆఫ్రికా జీడిగింజకును సుంకములేని ద్వారము తెరచుచున్నది. మన గింజ శుభ్రపడక, తరగతులుగా విభజింపబడక పోయినచో, పరదేశపు గింజ మన రేవున దిగి మన కూలితోనే పప్పై వెడలును. మన తోటలు చూచుచుండును.

కావున నర్సీపట్టణ ప్రాంతపు రైతులు సహకారసంఘముగా నేర్పడి, గింజను ఎండబెట్టి, ఒలిచి, తరగతులు కట్టి మండలపు కర్మాగారములతో నేరుగా బేరమాడవలెను. అందుకు వలయు రుణమును, గిడ్డంగిని, మంచి బాటను ప్రభుత్వము సమకూర్పవలెను. వర్తకులకు రాయితీలు వ్రాసియిచ్చు చేయి రైతునకు గిడ్డంగి కట్టియిచ్చుటకు వెనుదీయరాదు.

మరి రెండు షరతులు మేము మరువజాలము. మొదటిది భూమి. దేశమునందు ఇట్టి మండలములకై ప్రకటింపబడిన సుమారు 45,600 హెక్టార్లలో పని మొదలైనది సుమారు 28,500 హెక్టార్లలోనేయని 2014లో కంప్ట్రోలరు, ఆడిటరు జనరలు నివేదిక తెల్పెను. పనికి రాకుండ పట్టియుంచిన నేల రైతుకు నష్టము, దేశమునకును నష్టము. రెండవది ప్రాణము. 2024 ఆగస్టు 21వ తేదీన అచ్యుతాపురపు మండలములోని ఔషధ కర్మాగారమున జరిగిన ప్రమాదమున 17 మంది మరణించిరి. సుంకమునకు మినహాయింపు ఉండవచ్చును గాని పనివాని రక్షణకు మినహాయింపు ఉండరాదు.

రేవు ఐశ్వర్యము రేవుకడనే నిలిచిపోయిన దేశము పైకి మెరసి లోన శుష్కించును. చదువరులారా! మీ గ్రంథాలయములలో ఈ చట్టమును చదివి, చదువురాని సోదరులకు విప్పిచెప్పుడు. తమ హక్కు నెరిగిన పల్లె అడుగక మానదు. అందరును కలిసి యడిగిన దానిని ఏ ప్రభుత్వమును చిరకాలము కాదనజాలదు.