యాడికి నుంచి నాలి దాకా

మా ఊరి పేరుతో ఒక చిక్కుంది. ఎవరైనా "మీదే ఊరు?" అంటే "యాడికి" అంటాం. "నేనెక్కడికీ పోవట్లేదు బాబూ, మీ ఊరేదని అడిగా" అంటారు వాళ్లు. అనంతపురం జిల్లా, తాడిపత్రి పక్కన అని చెప్పేదాకా ఈ కామెడీ నడుస్తుంది. సీమ యాసలో యాడికి అంటే ఎక్కడికి అని. మా వైపు ఇంట్లో ఇంటర్ బైపీసీ పిల్ల ఉంటే, జూన్‌లో నీట్ ర్యాంకు వచ్చాక ఆ పేరే ప్రశ్నయి కూర్చుంటుంది. సీటు రాలేదు. ఇప్పుడు యాడికి?

2024లో నీట్‌కు 24 లక్షల మందికి పైగా రిజిస్టర్ చేసుకున్నారు. దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. అందులో సర్కారు ఫీజుతో చదివేవి సగం. మిగతా సీట్ల ఫీజు విన్నాక శెనక్కాయ రైతు ఎవరైనా సరే లేచి చెంబెడు నీళ్లు తాగుతాడు. సరిగ్గా అప్పుడే కన్సల్టెన్సీ ఆయన ఫోన్ తీసి వీడియో చూపిస్తాడు. చెరువు, చెరువు చుట్టూ చెట్లు, పదంతస్తుల హాస్పిటల్. "చైనా అండీ. ఇంగ్లిష్ మీడియం."

మా చిన్నాన్న కూతురు అట్లే పోయింది. ఇప్పుడు మూడో సంవత్సరం. ఆఫీసు పని మీద నేను షెన్‌జెన్ పోయినప్పుడు రెండు రోజులు మిగిలితే, రైలెక్కి తన క్యాంపస్ చూసొచ్చా. వీడియోలో చూపించిందంతా నిజమే. చెరువుంది, చెట్లున్నాయి, హాస్పిటల్ కూడా ఉంది. వీడియోలో లేనివి ఏంటన్నదే అసలు సంగతి.

మొదట గేటు. మన కాలేజీల్లో మాదిరి బైకు మీద సర్రున దూసుకుపోవడం కుదరదు. స్టూడెంట్లకైతే ముఖం చూసి తెరుచుకునే గేటు. మనలాంటోళ్లు ముందే బుక్ చేసుకోవాలి, పాస్‌పోర్టు చూపించాలి. లోపలికి పోతే అదొక ఊరు. పిల్లలందరూ అక్కడే ఉంటారు, అక్కడే తింటారు, క్షవరం కూడా అక్కడే. చైనా పిల్లలకు గదికి నలుగురో ఆరుగురో, బంకు మంచాలు. విదేశీ స్టూడెంట్లకు వేరే బిల్డింగు, గదికి ఇద్దరు. సౌకర్యం బాగుంది కానీ ఆ వేరు బిల్డింగు గురించి కింద మళ్లీ మాట్లాడుకుందాం.

సెప్టెంబర్‌లో చేరితే ఇంకో వింత కనిపిస్తుంది. మొదటి సంవత్సరం చైనా పిల్లలందరూ మిలిటరీ రంగు బట్టలేసుకుని గ్రౌండులో కవాతు చేస్తుంటారు. క్లాసులకన్నా ముందు అదే. వాళ్లనూ ఒక పరీక్ష పిండి పంపించి ఉంటుంది లెండి. వాళ్ల ఎంట్రన్సు పేరు గావ్‌కావ్. 2024లో దానికి రిజిస్టర్ చేసుకున్నవాళ్లు కోటీ 34 లక్షలు. మన నీట్ దాని ముందు చిన్న తమ్ముడు.

నీళ్ల దగ్గర మాత్రం మా అనంతపురం బుర్రకు షాక్ తగిలింది. ప్రతి బిల్డింగులో వేన్నీళ్ల కుళాయి. పిల్లలు ఫ్లాస్కులు పట్టుకుని లైన్లో ఉంటారు. నడి ఎండాకాలంలోనూ తాగేది వేన్నీళ్లే. కుండనీళ్ల కోసం కొట్టుకునే మనకు అది శిక్షలా ఉంటుంది. మా చెల్లెలికి ఇప్పుడు అలవాటైపోయింది. ఇంటికొచ్చినప్పుడు వేన్నీళ్లు అడిగితే అవ్వ జ్వరమేమో అని నుదురు పట్టుకుని చూసిందంట.

క్యాంటీన్‌లో ప్రాణం లేచొచ్చింది. ఎండుమిరపకాయలు, కోడిమాంసం, వాటి మధ్య గుప్పెడు వేపిన శెనక్కాయ విత్తనాలు. కుంగ్ పావ్ చికెన్. వేరుశనగ పంటలో ప్రపంచంలో మొదటి స్థానం చైనాది, రెండోది మనది. మా నాయన చూస్తే "పంట మనదే కదప్పా, వండేది తెలీలేదు మనకు" అనుంటాడు. డబ్బులన్నీ ఫోన్‌తోనే, వీచాట్ లేదా అలీపే. మన యూపీఐకి అలవాటైన చేతికి ఇదేం పెద్ద ఇబ్బంది కాదు. వాట్సాప్, యూట్యూబ్, గూగుల్ మాత్రం అక్కడి నెట్‌లో తెరుచుకోవు. నాకెట్లా పనిచేశాయంటే, మన రోమింగ్ సిమ్ డేటా మన కంపెనీ నెట్‌వర్క్ మీదుగానే తిరిగొస్తుంది. అక్కడి సిమ్ వాడే మా చెల్లెలికి ఆ సుఖం లేదు. చిన్నమ్మ యాభై ఏళ్లొచ్చాక వీచాట్ నేర్చుకుంది, కూతురి ముఖం చూడ్డానికి.

మధ్యాహ్నం తిన్నాక క్యాంపస్ అంతా నిద్ర. అదేదో మన పల్లెల నుంచే నేర్చుకున్నట్టుంది. ఆ నిద్ర టైంలో చెట్టు కింద కూర్చుని మా చెల్లెలు ఒక మాట చెప్పింది.

"అన్నా, క్లాసులో అంతా అర్థమైతాది. వార్డులో పేషెంట్ నోరు తెరిస్తే మాత్రం నేను గోడకున్న క్యాలెండర్ లాంటిదాన్నే."

క్లాసు ఇంగ్లిష్‌లో ఉంటుంది, పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంటుంది, పరీక్షా ఇంగ్లిష్‌లోనే. రోగం మాత్రం చైనీస్‌లో ఉంటుంది. డాక్టరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ దేశంలోనైనా ఒకటే, "యాడ నొస్తాంది?" వాళ్ల భాషలో ఆ "యాడ"ను "నాలి" అంటారు. "నాలి బు షూఫు?" అంటే ఎక్కడ బాగోలేదు అని. అడగడం వారంలో వచ్చేస్తుంది. జవాబు అర్థం కావడానికే ఏళ్లు పడుతుంది.

ఆ భాషలో రాగం మారితే అర్థం మారుతుంది. "తాంగ్" అని ఒకే ఎత్తులో చదునుగా పలికితే సూప్. అదే తాంగ్‌ను ప్రశ్న అడిగినట్టు పైకి లేపితే చక్కెర. షుగర్ జబ్బును వాళ్లు తాంగ్ న్యావ్ బింగ్ అంటారు. చక్కెర, మూత్రం, రోగం, అంతే. మన మధుమేహం కూడా అదే కదా, తియ్యని మూత్రం అని. మా చెల్లెలు ఇది కనిపెట్టుకుని తెగ సంబరపడింది. ఇట్లా పట్టుకొమ్మలు దొరికితే ఎక్కేయొచ్చు. కానీ వార్డుకొచ్చే ముసలాయన పాఠ్యపుస్తకం చైనీస్ మాట్లాడడు, తన ఊరి యాస మాట్లాడతాడు. దీన్ని తిప్పి చూడండి. విజయవాడ పేపర్ చదివి తెలుగు నేర్చుకున్న చైనా అమ్మాయిని తెచ్చి యాడికి ఆసుపత్రిలో కూర్చోబెట్టారనుకుందాం. మా అవ్వ పోయి "కడుపులో దేవినట్టుందిమ్మా, కాళ్లు గుంజుతాండాయి, రాత్రంతా కన్ను మూతపడలే" అంటుంది. ఆ పిల్ల ఏ మాత్ర రాయాలి?

అందుకే ఆ వేరు బిల్డింగు నాకు నచ్చలేదు. మనోళ్లంతా ఒకచోట, తెలుగు సినిమా, పప్పు, చెట్నీ. ఆరేళ్లు హాయిగా గడిచిపోతాయి, చైనీస్ రాకుండానే.

రూల్స్ సంగతి మాత్రం సూటిగా చెప్తా, ఇవి బ్రోషర్‌లో చిన్నక్షరాల్లో కూడా ఉండవు. 2021 నవంబర్‌లో మన నేషనల్ మెడికల్ కమిషన్ పెట్టిన నిబంధనల ప్రకారం విదేశంలో కనీసం 54 నెలల చదువు ఇంగ్లిష్ మీడియంలో ఉండాలి. అదే కాలేజీ తరఫున 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా ఆ దేశంలోనే చేయాలి. అంటే ఒక ఏడాది పూర్తిగా ఆ వార్డుల్లో, ఆ పేషెంట్లతోనే. తిరిగొచ్చాక ఇక్కడ పరీక్ష రాయాలి, పాసైతే మళ్లీ ఇక్కడో ఏడాది ఇంటర్న్‌షిప్. బీజింగ్‌లోని మన ఎంబసీ 2022 సెప్టెంబర్‌లో ఒక హెచ్చరిక విడుదల చేసింది. ఇంగ్లిష్‌లో ఈ కోర్సు చెప్పడానికి చైనా సర్కారు అనుమతిచ్చిన కాలేజీలు 45 మాత్రమే. క్లినికల్ శిక్షణ కోసం చైనీస్ హెచ్‌ఎస్‌కే నాలుగో స్థాయి దాకా నేర్చుకోవాలి. 2015 నుంచి 2021 వరకు ఇక్కడి పరీక్ష రాసిన 40,417 మందిలో గట్టెక్కింది 6,387. వందకు పదహారు.

ఆ పదహారు అంకె చూసి "చైనా చదువు వేస్టు" అనేవాళ్లతో నేను ఏకీభవించను. పిల్లల తెలివిలో తేడా లేదు. మూడేళ్లు వార్డులో క్యాలెండర్‌లా నిలబడితే ఏ దేశంలో చదివినా అంతే అవుతుంది.

దీనికి తోడు 2020 దెబ్బ. ఊహాన్ నుంచి ఎయిర్ ఇండియా రెండు విమానాల్లో 647 మంది మనోళ్లను తెచ్చింది. వేరే ఊళ్ల స్టూడెంట్లు ఎవరి టికెట్‌తో వాళ్లు వచ్చేశారు. వచ్చినవాళ్లకు మళ్లీ వీసాలు మొదలైంది 2022 ఆగస్టులో. రెండేళ్లకు పైగా అనాటమీ, సర్జరీ అన్నీ ఫోన్ స్క్రీన్ మీదే. మా కోడింగ్ అయితే ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, కుట్లు వేయడం నేర్చుకోలేం. నేరుగా విమానాలు మళ్లీ మొదలయ్యేసరికి 2025 అక్టోబర్ వచ్చింది.

ఈ దారి ఎదురుదిక్కున కూడా నడిచింది ఒకప్పుడు. ఏడో శతాబ్దంలో హ్యూయన్ త్సాంగ్ మన ధాన్యకటకానికి, అంటే అమరావతికి వచ్చి నెలల తరబడి ఉన్నాడు. ఇద్దరు భిక్షువుల దగ్గర శాస్త్రం చదివాడు, తనకొచ్చింది వాళ్లకూ చెప్పాడు. అప్పటికే ఆయనకు ఇక్కడి గ్రంథాల భాష క్షుణ్ణంగా వచ్చు. లేకపోతే ఆయన కూడా మన స్తూపం చూసి బాగుందని రాసుకుని వెళ్లిపోయేవాడు.

మా చెల్లెలు ఇప్పుడు రోజూ సాయంత్రం హాస్పిటల్ కింద పండ్లు అమ్మే ఆమె దగ్గర గంట కూర్చుంటుంది. ఆమెకు రాని ఇంగ్లిష్, ఈమెకు రాని యాస. బేరం ఆడీ ఆడీ యాస వచ్చేస్తోందంట.

మీ ఇంట్లో ఎవరైనా బయల్దేరుతుంటే ఒక పని చేయండి. కన్సల్టెన్సీ ఆయన ఇచ్చే నంబర్ వద్దు, వాళ్లు మొదటి సంవత్సరం పిల్లలతోనే మాట్లాడిస్తారు, వాళ్లింకా చెరువు ఫొటోల మూడ్‌లోనే ఉంటారు. మీ మండలంలో, పక్క మండలంలో వెతికి అదే కాలేజీలో నాలుగో ఏడో ఐదో ఏడో చదువుతున్నవాళ్లను పట్టుకోండి. ఫీజు, హాస్టల్, పప్పన్నం అన్నీ తర్వాత అడగొచ్చు. ముందు "నిన్న వార్డులో పేషెంట్‌తో ఏం మాట్లాడావమ్మా?" అని అడగండి.