లాప్‌టాప్ ఇప్పుడే కొనాలా... ఇంకా ఆగాలా?

"ఆగండి, రేట్లు తగ్గుతాయి." అమెరికా వచ్చిన ప్రతి తెలుగువాడూ మొదటి నెలలోనే వినే సలహా ఇది. థ్యాంక్స్‌గివింగ్ సేల్ దాకా ఆగు, ఆగస్టు దాకా ఆగు, కొత్త మోడల్ వస్తే పాతది చవగ్గా వస్తుంది, అప్పటిదాకా ఆగు! మేమూ ఆగాం. ఆగి నష్టపోయాం. అందుకే ఈ నాలుగు మాటలు.

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న ముగ్గురం మేం. ముగ్గురమూ పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసినవాళ్లం, సైటు సూపర్‌వైజర్లం. సాఫ్ట్‌వేర్ మిత్రులకిచ్చినట్టు మాకు కంపెనీ లాప్‌టాప్ ఇవ్వదు. 2017లో కొన్న ఒకే ఒక్క లాప్‌టాప్‌తో ముగ్గురం నెట్టుకొస్తున్నాం. ఇంటికి డబ్బు పంపేది, ట్యాక్స్ ఫైల్ చేసేది, ఊళ్లో ఇంటి లోను వాయిదా కట్టేది అన్నీ అందులోనే.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే మా పాతదానికి అర్హత లేదు. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైది ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. మాది ఏడో తరం. "బాగానే పనిచేస్తోందిగా, ఏమవుతుంది?" అన్నాడు మాలో ఒకడు. పనిచేస్తుంది, నిజమే. కానీ తాళం పాడైన తలుపు కూడా చూడ్డానికి బాగానే ఉంటుంది. మన బ్యాంకు పాస్‌వర్డులు, పాస్‌పోర్టు కాపీలు ఆ తలుపు వెనకే ఉన్నాయి.

నిజానికి మేం 2025 వేసవిలోనే 16 జీబీ ర్యామ్ ఉన్న ఓ మోడల్ చూసిపెట్టుకున్నాం. 700 డాలర్లు. డాలస్‌లో 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ కలిపితే 758. ఆగస్టు ట్యాక్స్ హాలిడేకి కొందామన్నారు ఒకరు. తీరా చూస్తే టెక్సస్‌లో ఆ మినహాయింపు బట్టలకు, బూట్లకు, స్కూలు సామాన్లకే, కంప్యూటర్లకు కాదు. సరే, నవంబరు సేల్ అనుకున్నాం. నవంబరు వచ్చేసరికి అదే డబ్బుకు 8 జీబీదే దొరికింది!

కారణం తర్వాత తెలిసింది. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లు ఎక్కువగా తయారుచేసేది శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడే కంపెనీలు. ఏఐ డేటా సెంటర్లు ఎక్కువ ధర ఇచ్చి కొంటుంటే అవి సరుకు అటే మళ్లించాయి. క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. విచిత్రమేమంటే మాలో ఒకడు టెక్సస్‌లోనే ఓ డేటా సెంటర్‌కు కాంక్రీటు పోయించి వచ్చాడు. మన విశాఖలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ ప్రకటించింది కూడా ఆ అక్టోబరు 14నే. కట్టేది మనమే, ధర కట్టేదీ మనమే!

అయితే మాకు జరిగిన అసలు నష్టం డాలర్లలో లేదు. జనవరిలో కమ్యూనిటీ కాలేజీలో ఎస్టిమేటింగ్ కోర్సు మొదలైంది. దానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ మా పాతదాంట్లో ఎక్కలేదు. మాలో ఒకడు చేరలేకపోయాడు. ఎండలో నిలబడే పని నుంచి ఆఫీసు కుర్చీకి మారే అవకాశం ఒక సెమిస్టర్ వెనక్కి పోయింది. యాభై, వంద డాలర్లు మిగులుతాయని ఆగితే పోయింది ఇది.

సైటులో మనం ఇలా చేస్తామా? స్లాబ్ పోసే తేదీ దగ్గరపడ్డాక సిమెంటు ధర తగ్గుతుందేమోనని ఎవరైనా ఆగుతారా? మెటీరియల్ ఆర్డరు పని షెడ్యూలును బట్టి ఇస్తాం. లాప్‌టాప్‌కూ అదే లెక్క. దానితో చేయాల్సిన పనికి తేదీ ఉంటే, ఆ తేదీకి ముందే కొనండి. తేదీ ఏమీ లేకపోతే నిదానంగా ఆగండి, తప్పులేదు. ఆగేవాళ్లు విండోస్ 10 భద్రతా అప్‌డేట్ల పొడిగింపు మాత్రం మరవద్దు. దాన్ని 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ 2025లో చెప్పింది. సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకుంటే ఉచితం, లేదంటే 30 డాలర్లు.

కొత్తదే కావాలని లేదు. ఆఫీసులు వాడి తిరిగిచ్చిన లాప్‌టాప్‌లను కంపెనీలే బాగుచేసి వారంటీతో అమ్ముతాయి. ఎనిమిదో తరం దాటిందా, ర్యామ్ ఎంతుంది అని చూసుకుంటే చాలు. క్రెడిట్ కార్డు మీద వాయిదాలకు మాత్రం పోవద్దు. అక్కడ వడ్డీ తినేది సేల్‌లో మిగిలినదానికన్నా ఎక్కువ.

చివరగా ఒక మాట. మా అన్నయ్య కొడుకు ఫోన్‌లో "బాబాయ్, వచ్చేటప్పుడు నాకో లాప్‌టాప్ తెస్తావా?" అన్నాడు. పాతది వాడికిచ్చేద్దామని ముందు అనుకున్నాం. మనకు ప్రమాదమైనది వాడికి క్షేమమెలా అవుతుంది? 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఇండియాకు ఒక లాప్‌టాప్ సుంకం లేకుండా తీసుకెళ్లొచ్చు. వారంటీ అక్కడ చెల్లుతుందో లేదో చూసి మంచిదే తీసుకెళ్దాం.

మేం ముగ్గురం డబ్బులు కలిపి ఒకటి కొనేశాం. వచ్చే సెమిస్టర్‌కు మావాడి పేరు కూడా నమోదైంది. రేటు తగ్గుతుందో పెరుగుతుందో ఇక చూడదలచుకోలేదు.