పెన్సిలుతో గీయవలసిన పటము

జీవజాతుల బంధుత్వమును కొమ్మలుగా జూపు పటమునకు క్లాడోగ్రామని పేరు. మన విద్యార్థులు దానిని సిరాతో దిద్ది రంగులు వేయుచున్నారు. ముచ్చటగానే యున్నది. కాని పెన్సిలుతో గీయుటయే న్యాయమని నా యభిప్రాయము.

తిమింగిలమును చూడుడు. ఈదునది గనుక పూర్వులు దానిని చేపలలో జేర్చిరి. పాలిచ్చుటను గమనించి లినేయస్ పండితుడు 1758లో క్షీరదములలో నుంచెను. వానిలో నే కొమ్మకు? 1966లో వాన్ వాలెన్ పండ్లపోలికను బట్టి, నశించిపోయిన మెసోనిక్సులను దాని పూర్వులుగా నెంచెను. తరువాత జన్యుపరిశోధనలు నీటిగుఱ్ఱమే దాని దగ్గఱి చుట్టమని తెలిపెను. 2001లో పాకిస్థానపు ప్రాచీన తిమింగిలముల చీలమండ యెముకలు వర్ణింపబడినవి. మేకకువలెనే రెండు కొనలయందును గిలక యాకారము! మాంసము వండు నిండ్లలో ఆ యెముక నెఱుగనివారు లేరు. జమ్మూ ప్రాంతమున రంగారావుగారు సేకరించిన రాళ్లలోని ఇండోహయస్ అను చిన్నజంతువు 2007లో తిమింగిలముల ప్రక్కకొమ్మ కెక్కెను.

"నిన్నటి పటము నేడు తప్పైనచో దేనిని నమ్ముదుము?" అని యొక తండ్రిగారు నన్నడిగిరి. అయ్యా, కొమ్మ కదలినది గాని పాలిచ్చు గుణము కదలలేదు. ఒకే తిండి తినువాని పండ్లు బంధుత్వము లేకయు పోలియుండవచ్చును, అచటనే పొరపాటు.

పోయినయేట నొక బాలుడు తన పటమును కొట్టివేసి, తిమింగిలమును నీటిగుఱ్ఱము చెంతకు మార్చెను. ప్రక్కన వ్రాసిన కారణమును చదువకయే, కొట్టివేతకై నేను రెండు మార్కులు తగ్గించితిని. పిమ్మట సిగ్గుపడి తిరిగి యిచ్చితిని. ఈ యేడు ప్రతి కొమ్మక్రిందను దానికాధారమైన గుణమును వ్రాయుడు. మార్కులు దానికే.